ఎదురులేని గాలి

సేద్యం మాట వస్తే మనం ముందు వాన సంగతి మాట్లాడుకుంటాం. తర్వాత విత్తనం, ఎరువు, ధర, అప్పు. తుపాను వచ్చిన నాడు తప్ప గాలి ప్రస్తావన రాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన తుపాను, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరులో ఉద్దానం కొబ్బరినీ జీడిమామిడినీ ఊడ్చేసిన తిత్లీ మనకు పేర్లతో, తేదీలతో గుర్తున్నాయి. గుర్తుండవలసినవే. కానీ ఏటా వచ్చి, రెండు మూడు నెలలపాటు వీచి, ఏ పత్రికలోనూ వార్త కాకుండా వెళ్ళిపోయే గాలి ఒకటుంది. చెట్టూ చేమా లేని మెట్టచేలమీద వీచే ఆషాఢ గాలి అది. ఇళ్ళు కూల్చదు, స్తంభాలు పడగొట్టదు, అందుచేత దాని నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ గాలి గురించి. చెప్పదలచుకున్నది ఒక్కటే. గాలికి వేగాన్ని ఇచ్చేది ప్రకృతి. ఆ వేగం చేనుమీద ఎంత నష్టం చేస్తుందన్నది మాత్రం చాలావరకు మనం ఆ చేనును ఎలా ఉంచామన్నదానిమీద ఆధారపడుతుంది. బోసిగా, బయలుగా వదిలిన నేల గాలికి బలం పోస్తుంది. కప్పు ఉన్న నేల, అడ్డు ఉన్న నేల ఆ బలాన్ని తగ్గిస్తుంది.

ముందు గాలి బలం ఎలా పెరుగుతుందో చూద్దాం. గాలికీ బరువుంది. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి తనకు ఎదురు నిలిచిన ప్రతి చదరపు మీటరుమీద సుమారు 6 కిలోల బరువుతో తోస్తుంది. వేగం రెట్టింపై 72 కిలోమీటర్లయితే ఆ తోపు నాలుగు రెట్లై 24 కిలోలవుతుంది. 144 కిలోమీటర్లకు చేరితే దాదాపు 100 కిలోలు. గెల వేసిన అరటి ఒక్క ఈదురుగాలికి విరిగిపడటానికీ, కంకి బరువెక్కిన వరి నేలకు ఒరగటానికీ కారణం ఈ లెక్కలోనే ఉంది. ఇక గాలి చేయగల పని, అంటే గాలిమరను తిప్పడమైనా, ఇసుకను మోసుకుపోవడమైనా, ఇంకా వేగంగా పెరుగుతుంది. వేగం రెండింతలైతే ఆ పని ఎనిమిదింతలవుతుంది. అందువల్ల గాలి కాస్త పెరిగింది, కాస్త తగ్గింది అనుకోవడానికి వీల్లేదు. వేగంలో చిన్న తేడా వస్తే ఫలితంలో పెద్ద తేడా వస్తుంది. ఈ సూత్రాన్ని శ్రోతలు గుర్తుంచుకోవాలని మనవి. నష్టాన్ని పెంచేది ఇదే. పరిష్కారానికి దారి చూపేదీ ఇదే.

ఈ గాలి ఏం చేస్తుందో చూడటానికి ఉమ్మడి అనంతపురం జిల్లాను మించిన చోటు మనకు లేదు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలమీద తడిని కురిపించి, ఇటువైపు దిగేసరికి పొడిబారిపోతాయి. వాన తగ్గుతుంది కానీ గాలి తగ్గదు. ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా ఉండే ఈ జిల్లాలో, రామగిరి కొండలమీద 1990లలోనే గాలిమరలు నిలబెట్టారంటే అక్కడి గాలి ఎంత బలమైనదో, ఎంత నమ్మకంగా వీస్తుందో తెలుస్తుంది. పడమట వేదవతి నది ఉంది. హగరి అని కూడా పిలుస్తారు. ఎగువన కర్ణాటకలో 1907 నాటికే వాణీవిలాస సాగరం కట్టారు, ఇటు గుమ్మఘట్ట దగ్గర భైరవానితిప్ప జలాశయం కట్టారు. వానలు కరువైన ఏళ్ళు తోడై, దిగువన ఏరు ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిన ఇసుకమేటగా మిగిలింది. నైరుతి గాలి ఆ ఇసుకను లేపి తూర్పు గట్టుమీది చేలలోకి తోస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో, ముఖ్యంగా దర్గాహొన్నూరు పరిసరాల్లో, ఒకప్పుడు పంట పండిన నేలమీద ఈనాడు ఇసుక దిబ్బలు నిలిచి ఉన్నాయి. రాజస్థాన్‌లో చూడవలసిన దృశ్యం తెలుగు నేలమీద కనిపిస్తున్నది.

హగరి గట్టు ఈ సమస్యకు కొస. ఇసుక దిబ్బలు కనిపిస్తాయి కనుక వాటి గురించి నలుగురూ మాట్లాడతారు. దిబ్బలు లేని ఎర్రనేలల్లో జరిగేది కనిపించదు. వేరుశనగ పంట తీరు చూడండి. వరి కోస్తే కొయ్యకాళ్ళు మిగులుతాయి, జొన్న కోస్తే మోళ్ళు మిగులుతాయి. వేరుశనగ చెట్టును వేళ్ళతో సహా పీకుతాం. కాయలు కావాలంటే పీకక తప్పదు. పీకినప్పుడు నేల గుల్లబారుతుంది, పైన ఏ కప్పూ మిగలదు. కట్టెను పశువులకు మేతగా తోలుకుపోతాం. ఆ చేను వేసవి అంతా బోడిగా ఎండుతుంది. తొలకరికి దున్ని, గుంటక తోలి, మట్టిని మెత్తగా చేసి ఆరుద్ర కార్తెకు ఎదురుచూస్తాం. సరిగ్గా అదే సమయానికి, జూన్ నుంచి ఆగస్టు వరకు, ఏడాదిలోకెల్లా బలమైన గాలి వీస్తుంది. ఏ నెలలో నేల అన్నిటికన్నా వదులుగా, పొడిగా, బోసిగా ఉంటుందో ఆ నెలలోనే గాలి అన్నిటికన్నా ఉధృతంగా ఉంటుంది. ఒకప్పుడు ఈ చేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఆముదం, కంది కలిసి ఉండేవి. కోసిన తర్వాత మోళ్ళు నిలిచేవి. ఒకే పంట విస్తరించిన కొద్దీ గాలికి ఎదురు లేకుండా పోయింది.

మట్టి గాలికి ఎలా లేస్తుందో శాస్త్రవేత్తలు ఓపికగా గమనించారు. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన రాల్ఫ్ బాగ్నాల్డ్ లిబియా ఎడారిలో తిరిగి, తర్వాత ప్రయోగశాలలో గాలి సొరంగం కట్టి పరీక్షించి, 1941లో తన పరిశీలనలను పుస్తకంగా ప్రకటించాడు. పొడి ఇసుక గంటకు 20, 25 కిలోమీటర్ల గాలికే కదలడం మొదలుపెడుతుంది. రేణువులు మూడు తీరులుగా కదులుతాయి. బరువైనవి నేలమీద దొర్లుతాయి. మధ్యరకంవి గెంతుతూ పోతాయి. పిండిలాంటి సన్నని మట్టి ఆకాశానికి లేచి ఊళ్ళు దాటిపోతుంది. గెంతే రేణువు పడిన ప్రతిచోటా మరికొన్నిటిని లేపుతుంది. తర్వాత కెనడాలోనూ, అమెరికాలోని కాన్సాస్‌లోనూ ఏళ్ళ తరబడి పరిశోధించిన విలియం చెపిల్ సేద్యానికి సంబంధించిన ముఖ్యమైన విషయం తేల్చాడు. బోసి చేను గాలివాలులో ఎంత పొడవుంటే, కదిలే మట్టి ఆ పొడవునా అంతగా పెరుగుతూ పోతుంది. చేను మొదట్లో పదిమంది మోసే సరుకు చివరికి వచ్చేసరికి వందమంది మోసేంతవుతుంది. అడ్డు లేని విశాలమైన బయలు ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

పోయిన మట్టి విలువెంత? ఒక ఎకరా నేలమీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోతే అది సుమారు 6 టన్నులు. మిల్లీమీటరు తరుగు కంటికి ఆనదు. అయినా 6 టన్నులంటే ట్రాక్టర్ ట్రక్కులు నిండేంత సరుకు. పైగా గాలి చేనులోని మట్టినంతా సమానంగా తీసుకుపోదు. సన్నని బంకమట్టినీ, కుళ్ళిన ఆకు అలమునూ, అంటే తేమనూ పోషకాలనూ పట్టి ఉంచే భాగాన్ని ముందు ఏరుకుపోతుంది. గరుకు ఇసుకను చేనులో వదిలిపెడుతుంది. వేసవిలో మన రైతు ట్రక్కుకింత అని బాడుగ చెల్లించి చెరువు మట్టి తోలించుకుంటాడు. ఆ మట్టిలో ఏముందో ఆయనకు తెలుసు. అదే గుణమున్న మట్టి ఆషాఢంలో తన చేను నుంచి ఉచితంగా వెళ్ళిపోతున్నదని కూడా తెలియాలి. డబ్బు పెట్టి తోలించుకున్న చెరువు మట్టిని సైతం బోసి చేనుమీద గాలి విడిచిపెట్టదు.

నష్టం మట్టితో ఆగదు. నేలబారున గెంతుతూ పోయే ఇసుక చాలావరకు జానెడు, మూరెడు ఎత్తులోనే ఉంటుంది. మొలకెత్తిన పైరు ఎత్తూ అంతే. లేత ఆకులు ఆ రాపిడికి గీసుకుపోతాయి, కొసలు మాడతాయి, కొన్నిచోట్ల మొక్కే పూడిపోతుంది. పొడిగాలి నేలలో తేమను లాగేస్తుంది, ఆకుల నుంచి నీటిని త్వరగా ఆవిరి చేస్తుంది. 550 మిల్లీమీటర్ల వానతో బతికే పైరుకు ఆ తేమే ప్రాణం. ఇంకొకటి కూడా ఉంది. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగను కాండం కుళ్ళు వైరస్ తెగులు కబళించింది. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్ వయ్యారిభామ మొక్కలో దాగి ఉంటుంది. దాని పుప్పొడి గాలిలో కొట్టుకొచ్చి వేరుశనగ ఆకులమీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీరినప్పుడు ఆ గాటులోంచి వైరస్ లోపలికి పోతుంది. పుప్పొడినీ పురుగునూ చేను దాటించేది గాలే. చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నగానీ సజ్జగానీ దట్టంగా వేయమని శాస్త్రవేత్తలు చెప్పిన సలహాలో గాలిని అడ్డుకునే ఉద్దేశం ఉంది. గాలి తెచ్చిన తెగులుకు ఎత్తయిన పైరును కాపు పెట్టమన్నారు.

ఇదంతా వానలు లేకపోవడం వల్ల వచ్చిన తంటా, గాలిని అనడం దేనికి అని కొందరంటారు. ఈ ప్రశ్నకు చరిత్ర సమాధానం చెప్పింది. అమెరికా మధ్య మైదానాల్లో 1930లలో వచ్చిన ధూళి తుపానుల గురించి చాలామంది వినే ఉంటారు. 1934 మేలో లేచిన దుమ్ము తూర్పు తీర నగరాలను దాటి అట్లాంటిక్ మీది ఓడలదాకా వెళ్ళింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకట్లు కమ్మాయి. ఆ మైదానాల్లో గాలి అంతకుముందూ ఉంది, కరువులూ అంతకుముందు వచ్చాయి. కొత్తగా వచ్చింది నాగలి, ట్రాక్టరు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గోధుమ ధర పెరిగిందని లక్షల ఎకరాల గడ్డినేలను దున్నారు. ధర పడిపోతే లోటు పూడ్చుకోవడానికి ఇంకా దున్నారు. చివరికి పంట పోయి, ఆ నేల బోసిగా మిగిలింది. అప్పుడు వచ్చిన కరువుకు, ఎప్పుడూ వీచే గాలికి, మట్టి లేచిపోయింది. కరువు సందు ఇచ్చింది, గాలి బలం ఇచ్చింది, కానీ నేలను విప్పి పెట్టింది మనిషి. దాంతో 1935లో నేల పరిరక్షణకు చట్టం చేశారు. 1934 నుంచి 1942 దాకా నార్త్ డకోటా నుంచి టెక్సాస్ వరకు సుమారు 22 కోట్ల చెట్లను వరుసలుగా నాటారు. చెట్లు ఒక్కటే ఆ తుపానులను ఆపాయని అనను. వానలు తిరిగివచ్చాయి, కొయ్యకాళ్ళను చేనులోనే వదిలే సేద్యం అలవాటైంది, ఒక పట్టీ పంట, ఒక పట్టీ గడ్డి అన్న పద్ధతి వచ్చింది. ఇవన్నీ కలిసి పనిచేశాయి. వీటిలో మనిషి చేతిలో లేనిది వాన ఒక్కటే.

మరి మన చేతిలో ఉన్నదేమిటి? ముందు చెప్పిన లెక్కను తిరగవేసి చూడండి. గాలి వేగాన్ని మూడో వంతు మాత్రం తగ్గించగలిగితే, అది మట్టిని మోసే శక్తి సుమారు 30 శాతానికి పడిపోతుంది. సగానికి తగ్గిస్తే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గాలిని పూర్తిగా ఆపనక్కరలేదు, కాస్త నిదానింపజేస్తే చాలు. గాలికి అడ్డంగా నిలిచిన చెట్ల వరుస తన ఎత్తుకు పది నుంచి ఇరవై రెట్ల దూరం వరకు వెనుకనున్న చేనును కాపాడుతుంది. దగ్గరలో ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా. వరుస గోడలా మూసుకుపోయి ఉండకూడదు. గోడను గుద్దిన గాలి పైకెగసి అవతల సుడులు తిరుగుతూ పడుతుంది. సగం గాలిని చొరనిచ్చి సగాన్ని ఆపే వరుస మేలు. కింద వావిలి, సీతాఫలం వంటి గుబురు, పైన వేప, కానుగ వంటి ఎత్తయిన చెట్టు ఉంటే ఆ పని సరిగ్గా జరుగుతుంది. చెట్టు పెరిగేదాకా ఆగనవసరం కూడా లేదు. వేరుశనగ ఏడు సాళ్ళకు ఒక సాలు కంది వేస్తే పంట పీకిన తర్వాత కూడా కంది నిలిచి ఉంటుంది. ఇసుక కదిలే చోట, జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్కప్రాంత పరిశోధన సంస్థ రాజస్థాన్ దిబ్బలమీద చేసి చూపినట్టు, ముందు ఎండుకంపను వరుసలుగా పాతి గాలిని నిదానింపజేసి, ఆ చాటున మొక్కలు నాటాలి.

దీనికి రైతులు చెప్పే అభ్యంతరాలు బలమైనవి, వాటిని తోసిపుచ్చకూడదు. మొదటిది, చెట్టు చేనును తింటుందన్నది. నిజమే. చెట్టు ఎత్తుకు సమానమైన దూరం దాకా నీడ, వేళ్ళ పోటీ వల్ల పంట తగ్గుతుంది. కానీ లెక్క మొత్తం వేయాలి. అయిదెకరాల చదరపు చేను ఒక వైపు సుమారు 142 మీటర్లుంటుంది. నైరుతి గాలికి ఎదురుగా ఉన్న ఒక వైపున నాలుగు మీటర్ల వెడల్పు పట్టీని చెట్లకు వదిలితే పోయేది 14 సెంట్లు. అయిదు వందల సెంట్లలో అది మూడు శాతానికి లోపే. ఆ చెట్లు 10 మీటర్లు పెరిగితే వాటి చాటు 100 నుంచి 200 మీటర్లు, అంటే దాదాపు చేనంతా. వరుస పక్కన అడుగున్నర వెడల్పు కందకం తీసి ఏటా వేళ్ళు నరికితే పోటీ ఇంకా తగ్గుతుంది. వంటచెరకు, పచ్చిరొట్ట, వేప, కానుగ గింజలు, సీతాఫలాలు దానిమీద లాభం.

రెండో అభ్యంతరం, మన దేశంలో మట్టిని ఎక్కువగా కోసుకుపోయేది వరద నీరే కదా, గాలి గురించి ఇంత దిగులెందుకు అన్నది. దేశం మొత్తంమీద నీటికోత పెద్దదన్నది వాస్తవం. అయితే నీరు కోసేదీ గాలి కోసేదీ అదే చేను, అదే బోసితనం. నేలమీద కప్పు ఉంటే వానచుక్క దెబ్బా తగ్గుతుంది, గాలి దెబ్బా తగ్గుతుంది. ఒక ఖర్చుతో రెండు నష్టాలు తగ్గుతుంటే వాటిలో ఏది పెద్దదన్న వాదానికి పని లేదు. మూడోది, తుపాను గాలికి సరుగుడు తోపులే విరిగిపడుతుంటే గట్టుమీది చెట్టు ఏం ఆపుతుందన్నది. తుపానును ఏ చెట్టూ ఆపలేదు, ఆపుతుందని ఎవరూ చెప్పకూడదు. పెనుగాలులకు హెచ్చరిక, పంట బీమా, అరటికి ఊతకర్రలు, ముందే కోసుకునే ఏర్పాటు కావాలి. చెట్ల వరుస పని వేరే. అది ఏటా వంద రోజులు వీచే మామూలు గాలికి. కొన్నేళ్ళకొకసారి వచ్చే ప్రళయాన్ని ఆపలేదని, ఏటా జరిగే నష్టాన్ని ఆపగల పనిని వదులుకోవడం తగదు.

నాలుగో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. నాటిన మొక్క బతకదు, ఎండకు చావకపోతే మేకలు మేస్తాయి అన్నది. ఇది అనుభవం మీద చెప్పే మాట. దీనికి జవాబు మొక్కల ఎంపికలో కొంత, ఊరి కట్టుబాటులో కొంత ఉంది. కిత్తనార, వావిలి, సీతాఫలాలను మేకలు ముట్టవు. ముందు వీటిని పెట్టి, వాటి చాటున మిగతావి పెంచాలి. మొదటి మూడు వేసవులు నీళ్ళు పోయాలి. ఉపాధి హామీ పనుల కింద రైతుల పొలాల్లో మొక్కలు నాటించి నీళ్ళు పోయించిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. నేలను కప్పి ఉంచడానికి వాన ఏదీ అంటే దానికీ దారి ఉంది. వానలకు ముందే నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద పట్టించి చల్లే పద్ధతిని రైతు సాధికార సంస్థ ఈ మెట్ట మండలాల్లోనే ప్రచారం చేస్తున్నది. తొలి జల్లుకే మొలిచే ఆ పైరు గాలి ఉధృతమయ్యే వేళకు నేలను పట్టుకుంటుంది.

ఒక సంగతి మాత్రం ఒక్క రైతు వల్ల అయ్యేది కాదు. నా గట్టుమీద నేను చెట్లు పెంచితే ఆ చాటు నా తూర్పు పొరుగువాడికీ కొంత అందుతుంది. నేను పెంచకపోతే నా చేనులో లేచిన ఇసుక ఆయన చేనులో పడుతుంది. లాభమూ నష్టమూ గట్టు దాటుతున్నప్పుడు పని కూడా గట్టు దాటాలి. డెన్మార్క్‌లోని జట్లాండ్‌లో పడమటి గాలికి ఇసుకపాలైన బీళ్ళను అక్కడివారు సంఘంగా ఏర్పడి బాగుచేసుకున్నారు. 1866లో ఎన్రికో డాల్గాస్ తదితరులు స్థాపించిన సంస్థ, ఊరూరా పుట్టిన మొక్కలు నాటే సంఘాలు కలిసి మైళ్ళకొద్దీ చెట్ల వరుసలు పెంచాయి. చెరువుకట్టను ఊరంతా కలిసి కాపాడుకున్న సంప్రదాయం మనకు ఉంది. గాలికట్టను కూడా ఊరి ఆస్తిగా తలచే రోజు రావాలి.

అందుకే ఈ ప్రసంగం వింటున్న రైతు సోదరులకు, సోదరీమణులకు నా విన్నపం ఇది. ఈ ఏడు ఆషాఢ గాలి రాకముందే మీ చేనుకు నైరుతి వైపున ఏముందో చూడండి. పక్క చేల వారితో కూర్చుని, గాలికి అడ్డంగా ఒక వరుస ఏ గట్ల మీదుగా పోవాలో గీసుకోండి. ఈ ఖరీఫ్‌లో కనీసం చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నయినా వేయండి, మధ్య మధ్య కంది వేయండి. పంచాయతీలు, వ్యవసాయ, అటవీ శాఖలు నాటిన మొక్కల లెక్కతో తృప్తిపడక, మూడేళ్ళ తర్వాత బతికి ఉన్న చెట్ల లెక్క చెప్పాలి. హగరి గట్టున ఇసుక ఇంకా ముందుకు రాకుండా ఆపడం ఆ రైతుల సొంత భారంగా వదలకూడదు, అది ప్రభుత్వ బాధ్యత. గాలి ఏటా వస్తుంది, రాకూడదని మనం శాసించలేం. దానికి ఎదురు నిలిపే పని మాత్రం మనదే, ఆ పనికి ఈ తొలకరి మంచి ముహూర్తం.